కంచరపాలెం దాటకుండా చేసిన ప్రయాణం

విశాఖపట్నం ద్వారకానగర్‌లో సినిమా ఇష్టపడేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. ఇంత వర్షంలో కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ముగ్గురు, నలుగురు... సరే. ఆ సినిమా చివర్లో తెలిసే విషయం ఒకటుంది. దాన్ని దాచిపెట్టి నేను ఇవాళ మాట్లాడలేను. చెప్పబోయే ముందు ఆగి చెప్తాను, అప్పుడు మీరు కాసేపు బయటికెళ్ళి టీ తాగి రండి. నిజంగానే అంటున్నాను. ఆ సినిమాని ఏమీ తెలియకుండా మొదటిసారి చూడటం ఒక అదృష్టం. నా వల్ల అది పాడవకూడదు.

2018 సెప్టెంబరులో వచ్చింది ఆ సినిమా. దర్శకుడు వెంకటేశ్ మహా, నిర్మాత ప్రవీణ పరుచూరి. నటించినవాళ్ళలో చాలామంది కంచరపాలెం వాళ్ళే, అంతకుముందు కెమెరా ముందు నిలబడి ఎరగనివాళ్ళు. ఇక్కడి నుంచి ఆటో ఎక్కితే ఎంతసేపు? ఊర్వశి జంక్షన్ దగ్గర దిగితే ఆ మొహాలే మనకు ఎదురొస్తాయి. అంత దగ్గరి సినిమా.

ఇప్పుడు హీరో సంగతి. మన తెర మీదికి హీరో ఎలా రావాలి? ముందు బూటు కనిపించాలి. తర్వాత దుమ్ము లేవాలి. తర్వాత చెయ్యి, తర్వాత వీపు, అప్పుడు మొహం. ఈలోపు థియేటర్లో కాగితాలు ఎగరాలి. అవునా? నాకు అది కూడా ఇష్టమే, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. అలా కాగితాలు ఎగరేసినవాడినే నేనూ.

మరి ఈ సినిమాలో హీరో, రాజు, ఎవరు? గవర్నమెంటు ఆఫీసులో అటెండర్. 49 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. బెల్లు కొడితే లోపలికి వెళ్ళే మనిషి. ఫైలుని ఈ టేబుల్ మీది నుంచి ఆ టేబుల్ మీదికి మోసే మనిషి. పేటలో అందరికీ కావలసినవాడే, ఎవరికి ఏ పనిబడినా వెళ్తాడు. అయినా అందరి నోట్లో అతని గురించి ఒకటే ప్రశ్న, ఇంకా పెళ్ళెందుకు కాలేదని. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. మగతనం లేదేమో అన్నదాకా పోతుంది ఆ మాట. ఇలాంటి మనిషిని పట్టుకుని నేను వీరుడు అంటున్నాను. మాటవరసకి అనడం లేదు. పురాణాల్లో వీరుడంటే ఎవరో, ఆ అర్థంలోనే అంటున్నాను. ఎందుకంటున్నానో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

జోసెఫ్ క్యాంప్‌బెల్ అని అమెరికాలో ఒక పండితుడు ఉండేవాడు. 1949లో ఒక పుస్తకం రాశాడు. తెలుగులో చెప్పుకోవాలంటే ‘వెయ్యి ముఖాల వీరుడు’. ప్రపంచంలోని పురాణాలు, జానపద కథలు, మతాల కథలు ముందేసుకుని చదివాడు. బుద్ధుడి కథ చదివాడు, మన భాగవతంలో కథలు చదివాడు. చదివి ఏమన్నాడంటే, వీటన్నిటి లోపలా నడిచేది ఒకటే కథ అన్నాడు. ఒక మామూలు మనిషికి పిలుపు వస్తుంది. మొదట నావల్ల కాదంటాడు. ఎవరో ఒకరు సాయం దొరుకుతారు. గడప దాటతాడు. అవతల పరీక్షలు, చావు దాకా తీసుకెళ్ళే కష్టం. అది దాటితే ఒక వరం. ఆ వరం పట్టుకుని మళ్ళీ ఇంటికి వస్తాడు. బయల్దేరడం, పరీక్షలు, తిరిగి రావడం. ఈ మూడింటినీ ఆయన 17 మెట్లుగా విడగొట్టాడు. తర్వాత హాలీవుడ్‌లో క్రిస్టఫర్ వోగ్లర్ అనే ఆయన సినిమా రచయితల కోసం వాటిని 12కి కుదించాడు. ‘స్టార్ వార్స్’ తీసిన జార్జ్ లూకాస్ అయితే క్యాంప్‌బెల్‌కి తానెంత రుణపడి ఉన్నాడో బహిరంగంగానే చెప్పుకున్నాడు.

మనకి ఇదంతా కొత్తా? ‘పాతాళభైరవి’ చూడండి, 1951. తోటమాలి కొడుకు రాముడు. రాకుమారిని ప్రేమించాడు. రాజుగారు తనంత ఐశ్వర్యం సంపాదించుకురమ్మన్నాడు. నేపాళ మాంత్రికుడు వచ్చాడు, గుహలోకి తీసుకెళ్ళాడు, అమ్మవారి బొమ్మ దొరికింది. క్యాంప్‌బెల్ పుస్తకం మన దగ్గర ఎవరూ తెరవకముందే మన నాయనమ్మలు రాత్రిపూట అన్నం కలిపి పెడుతూ చెప్పిన కథలన్నీ ఈ దారిలోనే నడిచాయి. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలకలో ప్రాణం. వెళ్ళాలి, తేవాలి.

అదే ‘వెళ్ళాలి’ అన్న మాట దగ్గర నాకు చాలాకాలం చిక్కు పడింది. ఎందుకంటే రాజు ఎక్కడికీ వెళ్ళడు. ఏ సముద్రమూ దాటడు. కంచరపాలెంలోనే ఉంటాడు. కదలని మనిషికి ప్రయాణమేమిటి?

దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదండి. గిరి ప్రదక్షిణలో దొరికింది. ఇక్కడ సింహాచలం అప్పన్న కొండ చుట్టూ ప్రదక్షిణ చేసినవాళ్ళు ఎంతమంది? చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. ఆషాఢ పౌర్ణమి వేళ, 32 కిలోమీటర్లు. తొలిపావంచా, అంటే కొండ మెట్లలో మొదటి మెట్టు, అక్కడ కొబ్బరికాయ కొడతాం, బయల్దేరతాం. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ దగ్గరికొచ్చేసరికి సముద్రం గాలి తగులుతుంది. అక్కడి నుంచి సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం. చెప్పుల్లేని కాళ్ళకి తారు రోడ్డు మీది కంకర గుచ్చుకుంటుంటే, రోడ్డు అంచున తెల్ల గీత ఉంటుంది చూడండి, దాని మీదికి వెళ్తాం. అది కాస్త నున్నగా ఉంటుంది. ఆ గీత మీద ముందు ఎవరో ఒకావిడ, ఆవిడ వెనక నేను, నా వెనక ఇంకొకరు, చీమలబారులాగా. ఇంక కాలు లేవదు అనుకునే సమయానికి ఎవరింటి పిల్లాడో మజ్జిగ ప్యాకెట్టు చేతిలో పెట్టి పరిగెత్తిపోతాడు. వాడి మొహం కూడా సరిగ్గా చూడం. తెల్లారేసరికి మళ్ళీ తొలిపావంచా.

ఇప్పుడు చెప్పండి, రాత్రంతా నడిచి మనం ఎక్కడికి వెళ్ళాం? బయల్దేరిన చోటికే వచ్చాం. అలాగని నడవలేదంటారా? మీ పాదాలను అడగండి, చెప్తాయి. రాజు నడక అలాంటిది. ఆ పేటలోనే ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఆ చుట్టుకి పట్టింది 40 ఏళ్ళు.

ఇదిగో, ఇక్కడే చెప్పేస్తున్నాను. టీకి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. ఎవరూ లేవడం లేదా? సరే, మీ ఇష్టం.

సినిమాలో నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. బడికి వెళ్ళే పిల్లాడు సుందరం, తనతో చదివే సునీత. కండలు తిరిగిన కుర్రాడు జోసెఫ్, బ్రాహ్మణుల అమ్మాయి భార్గవి. వైన్‌షాపులో పనిచేసే, అందరూ గడ్డం అని పిలిచే మనిషి, సలీమా. అటెండర్ రాజు, అతని ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఆఫీసర్ రాధ. మనం నాలుగు జంటలనుకుని చూస్తుంటాం. నాలుగు వయసులు, నాలుగు మతాలో కులాలో ఉన్న మనుషులనుకుంటాం. చివరికొచ్చేసరికి తెలుస్తుంది, ఆ నలుగురు మగవాళ్ళూ ఒక్కడే. సుందరమే జోసెఫ్ అయ్యాడు, జోసెఫే గడ్డం అయ్యాడు, గడ్డమే ఈ రాజు.

నేను మొదటిసారి థియేటర్లో చూసినప్పుడు నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ విషయం తెలిసిన క్షణంలో ఆయన “అయ్యో” అన్నాడు. గట్టిగా కాదు, ఊపిరి వదిలినట్టు. ఆ “అయ్యో” ఇప్పటికీ నా చెవిలో ఉంది.

క్యాంప్‌బెల్ ఏమన్నాడు? లోకంలో వీరులు వేలమంది కనిపిస్తారు గానీ, లోపల ఉన్నది ఒక్క వీరుడే, ముఖాలే వేరన్నాడు. అది పండితుడి మాట, అర్థం చేసుకోవాలి. దర్శకుడు మహా ఏం చేశాడు? ఆ మాటని కంచరపాలెం వీధిలోకి తెచ్చి అక్షరాలా నిజం చేసి చూపించాడు. నలుగురిని చూపించాడు, ఒక్కడన్నాడు. క్యాంప్‌బెల్ పుస్తకం పక్కన పెట్టుకుని రాశాడని నేను అనడం లేదు. ఏ దారిలో వచ్చినా వచ్చింది అక్కడికే.

ఇప్పుడు ఒక్కో గడపా చూద్దాం. మొదటిది సుందరం. తండ్రి వినాయకుడి విగ్రహం చేసే మనిషి. సునీతని ఊరి నుంచి పంపించేస్తారు. పిల్లాడికి ఎవరి మీద కోపం రావాలి? పెద్దవాళ్ళ మీద రావాలి. కానీ పెద్దవాళ్ళని ఏం చేయగలడు? ఆ కోపం వెళ్ళి విగ్రహం మీద పడుతుంది. తర్వాత ఇంట్లో తండ్రి ఉండడు. క్యాంప్‌బెల్ లెక్కలో తండ్రితో రాజీ పడటం అనే మెట్టు ఒకటుంది, వీరుడు చాలా దూరం నడిచాక వచ్చే మెట్టు. ఈ పిల్లాడికి రాజీ పడటానికి తండ్రే లేకుండా పోయాడు. దేవుడితో జగడం మాత్రం మిగిలింది. ఆ జగడాన్ని వెంటబెట్టుకుని పేరు మార్చుకుంటూ, మతం మార్చుకుంటూ నడిచాడు.

జోసెఫ్ కథ గురించి ఎక్కువ చెప్పను. కులం, మతం అడ్డొచ్చాయి, భార్గవి దూరమైంది. మనందరికీ తెలిసిన కథే, ప్రతి వీధిలో జరిగిందే.

గడ్డం దగ్గర మాత్రం ఆగాలి. వైన్‌షాపు కౌంటర్. ఇటు గడ్డం, అటు జనం. ఆ జనంలో బురఖా వేసుకున్న ఒకావిడ వస్తుంది. క్వార్టర్ కొనుక్కుని వెళ్ళిపోతుంది. రోజూ అంతే. అతనికి కనిపించేవి కళ్ళు మాత్రమే. ఒక్కసారి ఆలోచించండి, మగవాళ్ళు తోసుకునే చోట, సీసాలు గలగలమనే చోట, చిల్లర లెక్కపెడుతూ ఒక మనిషి రెండు కళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. సలీమా ఒళ్ళమ్ముకుని బతుకుతోందని తర్వాత తెలుస్తుంది. తెలిశాక ఏం చేస్తాడు? అదే మనిషి, అదే ప్రేమ. వెనక్కి పోడు. ఆ సలీమా పాత్ర వేసింది నిర్మాత ప్రవీణే. కళ్ళతో సగం నటన చేసిందావిడ.

తర్వాత సలీమాని చంపేస్తారు. వీరుడు చావు నోట్లోకి వెళ్ళి బయటికి రావాలంటాడే క్యాంప్‌బెల్, తిమింగలం కడుపు అంటాడే, నా దృష్టిలో అది ఇదే. ఇక్కడ తిమింగలం లేదు. ఆమె ఇక లేదన్న కబురు ఉంది, మర్నాడు మళ్ళీ తెల్లారడం ఉంది. కత్తిపట్టి రాక్షసుణ్ణి చంపడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. మర్నాడు లేచి మొహం కడుక్కోవడానికి ఎంత కావాలి? ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరికి తెలుసు. నేను వాళ్ళని అడగను.

భాగవతం దశమస్కంధంలో ముచికుందుడి కథ ఉంది. దేవతల తరఫున ఏళ్ళ తరబడి యుద్ధం చేశాడు. ఏం వరం కావాలని అడిగితే, నిద్ర కావాలన్నాడు. లేపినవాడు బూడిదైపోవాలన్నాడు. గుహలో పడుకున్నాడు. కాలయవనుడు కృష్ణుణ్ణి తరుముకుంటూ ఆ గుహలోకి వచ్చి, పడుకున్నది కృష్ణుడే అనుకుని తన్నాడు, బూడిదయ్యాడు. ఆ తర్వాత ముచికుందుడు లోకంలోకి తిరిగి రాలేదు. తపస్సుకి వెళ్ళిపోయాడు. తిరిగి రావడానికి ఇష్టపడని వీరుడికి ఉదాహరణగా క్యాంప్‌బెల్ తన పుస్తకంలో ఈ ముచికుందుడినే తీసుకున్నాడు. మన పోతన రాసిన కథ అక్కడ కనిపించేసరికి నాకు ఒళ్ళు పులకరించింది.

49 ఏళ్ళ రాజు ఎవరు? గుహలో పడుకున్న ముచికుందుడు. మూడు యుద్ధాలు అయిపోయాయి. ఇంక నన్ను లేపకండి అని అటెండర్ ఉద్యోగంలో, పేట పనుల్లో ఒదిగిపోయాడు. అలాంటివాణ్ణి రాధ వచ్చి లేపింది. రాధ ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. భర్త పోయాడు, ఇరవయ్యేళ్ళ కూతురుంది. ఆ కూతురు అమ్మ పక్కనే నిలబడుతుంది, అన్నగారు మాత్రం ఒప్పుకోడు. ఇంతమంది మధ్య, తన కింద పనిచేసే అటెండర్‌ని ఇష్టపడటం ఆవిడకి ఎంత కష్టమైన గడపో చూడండి. అందరం రాజు రాజు అంటున్నాం గానీ, ఈ కథలో పిలిచింది రాధ. ఆవిడ నడక గురించి వేరే రోజు వేరే ఎవరైనా మాట్లాడాలి, నాకంటే బాగా ఆడవాళ్ళెవరైనా మాట్లాడాలి.

ఏం జరిగింది మరి? లేపితే ఎవరూ బూడిదవలేదు. రాజు తపస్సుకీ పోలేదు. లేచి కూర్చున్నాడు. మూడుసార్లు ఇల్లు కాలినవాడు నాలుగోసారి కూడా దీపం పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఒక్కసారి దెబ్బ తిన్నందుకే మనం పదేళ్ళు మనుషులతో మాట మానేస్తాం. నేను మానేశాను. రాజు మూడుసార్లు పోగొట్టుకుని ఎవరి మీదా విషం పెట్టుకోకుండా ఆ పేట మధ్యలో తిరిగాడు. అన్నిసార్లు వెళ్ళి తెచ్చుకున్న వరం అదేనని నేను నమ్ముతున్నాను. మణి కాదు, మంత్రదండం కాదు. చేదెక్కని మనసు.

మరి గురువు ఎవరు, సాయం ఎవరు అని మీరు అడగొచ్చు. ఎంత వెతికినా గడ్డం ఉన్న ముని ఎవరూ దొరకలేదు నాకు. దొరికింది పేట. అతని గురించి అడ్డమైన మాటలన్న పేటే చివరికి అతని పక్కన నిలబడింది. రాత్రి మజ్జిగ ప్యాకెట్టు ఇచ్చి పరిగెత్తిన పిల్లాడిలాంటి పేట.

ఇంకొక్కటి చెప్పాలి. ఇది నా సొంత విషయం. నేను ఉద్యోగం చేసిన ఒక ఆఫీసులో ఒక అటెండర్ ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. పదకొండేళ్ళు ఆయన తెచ్చిన టీ తాగాను. చక్కెర తక్కువ అని చెప్పాను, రిజిస్టరు ఏదని అడిగాను, ఇంకేమీ అడగలేదు. రిటైరయ్యాక పెన్షన్ కాగితాల మీద సంతకం కావాలని ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. గోడ మీద ఒక పాత నలుపు తెలుపు ఫోటో. పట్టుచీర, వంకీలు, పొడవాటి జడ, జడని ముందుకేసుకుని ఓరగా చూస్తున్న చూపు. “ఎవరు బాబాయ్ ఇది?” అన్నాను. “సత్యభామ” అన్నాడు.

వంటింట్లోంచి పిన్నిగారు బయటికొచ్చి, “ఈయనే బాబూ. పద్దెనిమిదేళ్ళు ఆడవేషం కట్టేరు. ఆ పద్యానికి ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకొచ్చేవి” అంది. ఆయన తువ్వాలు తీసి ఫోటో అద్దం మీద దుమ్ము తుడిచాడు. అప్పుడు చూశాను ఆయన చేతిని. పదకొండేళ్ళు నా టేబుల్ మీద గ్లాసు పెట్టిన చెయ్యి. గ్లాసు పెట్టేటప్పుడు చిటికెనవేలు కొంచెం ఎత్తి పెట్టేవాడు. నేను అది రోజూ చూశాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటిదాకా తెలియలేదు.

సినిమా చూస్తూ నాకు గుర్తొచ్చింది ఆ చిటికెనవేలే. రాజుని మొదటి సగమంతా కథలేని మనిషి అనుకుని చూశాను. పక్కన నడిచే మూడు కథలూ వేరేవాళ్ళవనుకున్నాను. అవి ఆయన లోపల ఉన్నాయని నాకు తట్టలేదు. బాబాయ్‌ని చూసినట్టే చూశాను.

అందుకే ఈ సినిమాని రెండోసారి చూడమని అందరినీ అడుగుతున్నాను, ముఖ్యంగా ఇందాక టీకి వెళ్ళకుండా కూర్చున్నవాళ్ళని. మొదట్లో పేటవాళ్ళు రాజుని పెళ్ళి గురించి అడిగే చోట్లు ఉన్నాయి కదా, అక్కడ అడిగేవాళ్ళని చూడకండి, రాజు మొహాన్ని చూడండి. ఆ పాత్ర వేసిన సుబ్బారావుగారు పెద్దగా ఏమీ చేయరు. ఆయన ఊరుకునే ఆ కాసేపూ చూడండి. మొదటిసారి నాకు అక్కడ ఏమీ కనిపించలేదు. రెండోసారి బడి పిల్లాడు కనిపించాడు, వైన్‌షాపు కౌంటర్ కనిపించింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఎవరైనా మాట్లాడాలనుకుంటే రండి, మైకు ఇస్తాను. కంచరపాలెం నుంచి వచ్చినవాళ్ళు ఉంటే ముందు వాళ్ళు మాట్లాడితే బాగుంటుంది.